రక్తనాళంలో లెక్కలు… మీకు సరిపోతాయా?

ఎమ్మెస్సీ మ్యాథ్స్ అనగానే ‘అయితే లెక్చరర్ ఉద్యోగమా?’ అంటారు. బీటెక్ మెకానికల్ వాళ్లనైతే ‘సాఫ్ట్‌వేర్‌కి ఎప్పుడు మారుతున్నావ్?’ అని అడుగుతారు. ఈ ఇద్దరికీ పనికొచ్చే దారి ఇంకొకటుంది. రక్తప్రవాహానికి గణిత నమూనాలు తయారుచేయడంపై పీహెచ్‌డీ.

దీని బలం చిన్న లెక్కలోనే తెలుస్తుంది. ఫ్రెంచ్ వైద్యుడు పాయిజులీ 1840 ప్రాంతంలో సన్నని గాజు గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని కొలిచాడు. పీడనం మారకపోతే ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందని తేల్చాడు. అంటే వ్యాసం 20 శాతం తగ్గితే మిగిలేది 0.8 × 0.8 × 0.8 × 0.8, దాదాపు 41 శాతం ప్రవాహమే! అయితే ధమని గాజు గొట్టం కాదు కదా. అది సాగుతుంది, చీలుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపలి వేగం మారుతుంది. అందుకే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు, వాటిని సాధించడానికి కంప్యూటర్ కావాలి.

ఈ లెక్క ఆస్పత్రి దాకా వెళ్లింది కూడా. గుండె ధమనిలో అడ్డంకికి స్టెంట్ అవసరమా కాదా తేల్చడానికి డాక్టర్లు లోపలికి సన్నని తీగ పంపి, అడ్డంకికి ముందూ తర్వాతా పీడనాలు కొలుస్తారు. వాటి నిష్పత్తి 0.80 లేదా అంతకన్నా తక్కువైతే ఆ అడ్డంకిని తీవ్రంగా తీసుకుంటారు. అదే నిష్పత్తిని తీగ లేకుండా, సీటీ స్కాన్ నుంచే లెక్కగట్టే హార్ట్‌ఫ్లో విధానానికి అమెరికా ఎఫ్‌డీఏ 2014లో అనుమతిచ్చింది. దాని మూలాలు స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ టేలర్ చేసిన పరిశోధనల్లో ఉన్నాయి.

ఇందులోకి రావడానికి సీఎస్ఐఆర్-నెట్ మ్యాథమెటికల్ సైన్సెస్ ఒక దారి, గేట్ మరో దారి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత రూ.42 వేలు, పైగా హెచ్ఆర్ఏ. బతకడానికి సరిపోతుంది. కానీ ఐదేళ్లు పెట్టేముందు ఒక విషయం చూసుకోవాలి.

ఈ అంశంపై కొన్ని థీసిస్‌లు ఎలా ఉంటాయంటే… ఊహించుకున్న నాళం, ఊహించుకున్న అడ్డంకి, సమీకరణంలో కొత్తగా ఒక పదం, మళ్లీ అవే గ్రాఫులు. పేపర్ వస్తుంది, పట్టా వస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం ‘మీ నమూనాను ఏ కొలతతో సరిచూశారు?’ అనగానే నోట మాట రాదు. గణిత శాస్త్రజ్ఞుడు వొమర్స్‌లీ 1955లో రాసిన పేపర్‌ను ఇప్పటికీ చదువుతున్నామంటే కారణం ఉంది. ఆయన లండన్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త మెక్‌డొనాల్డ్‌తో కలిసి పనిచేశాడు. కుక్క తొడ ధమనిలో నిజంగా కొలిచిన పీడనాలకు తన సూత్రాన్ని వర్తింపజేశాడు.

కాబట్టి గైడ్‌ని కలిసినప్పుడు టాపిక్ కన్నా ముందు, స్కాన్లు ఏ ఆస్పత్రి నుంచి వస్తాయో అడగండి. పాత విద్యార్థులు ఇప్పుడేం చేస్తున్నారో కూడా (కాస్త మొహమాటమే, అయినా అడగండి). ఈలోగా సింవాస్క్యులర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. స్కాన్ నుంచి ధమని ఆకారం గీసి, ప్రవాహం లెక్కించే దాకా అన్నీ అందులోనే చేయొచ్చు. పైథాన్ కొంచెం వస్తే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. రెండు వారాలకే విసుగొస్తే, ఐదేళ్లు మిగిలినట్టే.