ఇల్లు చూస్తే చాలునా?

ఉద్యోగార్థం హైదరాబాదు చేరే యువతకు నేడు ఇంటి యజమానికి బదులు గృహ నిర్వహణ సంస్థ ఎదురుకావడం కద్దు. గదుల వైశాల్యాన్నీ గోడల రంగునూ పరీక్షించేవారు ఆ సంస్థ నడవడిని విస్మరించడం తగదు. అద్దెకిచ్చే అధికారాన్ని యజమాని దానికి లిఖితపూర్వకంగా ఇచ్చాడా? లిఫ్టు చెడితే, నీరు రాకపోతే బాధ్యత ఎవరిది? ఖాళీచేసిన ఎన్నాళ్లకు అడ్వాన్సు తిరిగివస్తుంది? వీటికి సమాధానాలను అక్కడ నివసిస్తున్నవారి నోట వినాలి, ఒప్పందపత్రంలో చదవాలి.

నివాసగృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదని కేంద్రప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం పేర్కొంది. అయితే రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది అమలవుతుంది. కనుక సంతకానికి ముందు వహించే జాగ్రత్తయే అద్దెదారునికి తొలి రక్ష. తల్లిదండ్రుల కష్టార్జితం తీపిమాటల పాలు కారాదు.