పాదయాత్ర ఫొటోలలో కనిపించని పాదాలు

వచ్చే శివరాత్రికి శ్రీశైలం కాలినడకన వెళ్ళాలని మా మేనల్లుడు సంకల్పించాడు. దారి ఎట్లా ఉంటుందో చూపమని అడిగితే, చాలా కాలానికి పాత ఆల్బం బయటకు తీశాను. 1989 మొదలు 1996 వరకు నేను ఐదుసార్లు ఆ దారిన నడిచాను. ఆత్మకూరుకు దగ్గరలోని వెంకటాపురం వద్ద అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరే దారి అది. మొత్తం 40 కిలోమీటర్లకు పైమాటే. శివరాత్రికి మన జిల్లాల భక్తులు, ఉగాదికి కర్ణాటక భక్తులు వేలాదిగా ఆ దారి పడతారు. కన్నడ భక్తులలో కొందరు కాళ్ళకు కర్రలు కట్టుకుని, వాటిపైనే నడుస్తూ వస్తారు. అటువంటి ఫొటో కూడా ఒకటి నా వద్ద ఉంది.

ఆ రోజులలో ఒక రీలుకు 36 ఫొటోలు. కనుక ఆచితూచి తీసేవాళ్ళం. వెంకటాపురంలో బయలుదేరే ముందు అందరం వరుసగా నిలబడి ఒకటి. నాగలూటి వీరభద్రస్వామి గుడి ముందు ఒకటి. పెచ్చెరువు వద్ద చెట్ల కింద ఆకులలో అన్నం తింటూ ఒకటి. భీమునికొలను లోయలోకి దిగే రాతిమెట్లు, మళ్ళీ అవతల నిటారుగా ఎక్కే మెట్లు. పద్నాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించిన సంగతి చదువుకున్నవే గాని, ఆ ఎక్కుడులో మోకాళ్ళు చెప్పే చరిత్ర వేరు.

ఇన్ని ఫొటోలూ వరుసగా చూస్తే ఒక విషయం తోచింది. విభూతి రేఖలు ఉన్నాయి, రుద్రాక్షలు ఉన్నాయి, చిరునవ్వులు ఉన్నాయి. నడిచిన పాదాలు మాత్రం ఎక్కడా లేవు. ఒక్క దానిలో తప్ప.

ఆ ఒక్కటి 1996 నాటిది. కైలాసద్వారానికి కాస్త ముందు మా బావగారు మెట్టుపై కూర్చుని ఉన్నారు. సన్నని మనిషి. అప్పటికి పన్నెండేళ్ళుగా ఆయనకు మధుమేహం. దీక్ష తీసుకున్నారు కనుక చెప్పులు లేవు. అంతకు ముందు దారిలో నేను రెండుసార్లు అడిగాను, "బావగారూ, కాళ్ళు ఎట్లా ఉన్నాయి?" అని. "ఏమీ లేదోయ్, స్వామి దయ, ఒక్క ముల్లు కూడా గుచ్చుకోలేదు" అన్నారాయన. మేము ముగ్గురం మాత్రం కుంటుతూ, మూలుగుతూ నడుస్తున్నాం. ఆయన భక్తికి మాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

ఇంటికి వచ్చిన ఆరవ రోజున ఆయనకు జ్వరం వచ్చింది. కాలు వాచింది. ఎడమ బొటనవేలి కింద లోతుగా విరిగి ఉండిపోయిన ముల్లును ఆసుపత్రిలో తీశారు. అప్పటికే చీము పట్టి లోపలికి పాకింది. రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఆ వారంలోనే రీలు కడిగించి ఫొటోలు తెచ్చాను. బావగారు కూర్చున్న మెట్టుపై, పాదం కింద, అరచేయంత నల్లని మరక. ఆ రక్తాన్ని ఆయన ఎరుగరు, ఫొటో తీసిన నేనూ చూడలేదు.

నొప్పి లేకపోవడాన్ని మేము దైవకృప అనుకున్నాం. అది రోగ లక్షణం. ఇది మన వైద్యానికి తెలియనిది కాదు. చరకసంహిత నిదానస్థానం ప్రమేహానికి పూర్వరూపాలు చెప్పేటప్పుడు చేతులలో, కాళ్ళలో మంటలు, తిమ్మిరి కలగడాన్ని స్పష్టంగా లెక్కించింది. నేటి వైద్యులు చెప్పేదీ అదే: చక్కెర ఎక్కువగా ఉన్న రక్తం ఏళ్ళ తరబడి నాడులను దెబ్బతీస్తుంది, అందరికంటే ముందు అరికాళ్ళకు స్పర్శ తగ్గుతుంది. రక్తప్రసారం కూడా మందగించిందా, చిన్న గాయమే మానదు.

అయితే బావగారు చదువురాని వారు కారు. ఇటువంటి పత్రికలు క్రమం తప్పక చదివేవారు. మధుమేహులు చెప్పులు లేకుండా నడవడం మంచిదని సుశ్రుతుడే చెప్పాడని ఎక్కడో ఒక వ్యాసంలో చదివి, దానిని కత్తిరించి దాచుకున్నారు కూడా. ఆ వ్యాసకర్త అబద్ధం రాయలేదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం పదకొండవ అధ్యాయంలో, ధనమూ బంధువులూ లేని ప్రమేహ రోగి పాదరక్షలు, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికొక రాత్రి మాత్రమే ఉంటూ, నూరు యోజనాలో అంతకు మించో నడవాలని నిజంగానే ఉంది. కాని అదే చోట కృశించిన రోగిని ఎల్లప్పుడూ కాపాడుకోవాలని ఉంది. ఇదంతా వైద్యుని ఆదేశంపై చేయాలని కూడా ఉంది. బావగారు కృశించిన రోగి. ఏ వైద్యుడినీ అడగలేదు. పైగా సుశ్రుతుడు చెప్పినది రోజుకొక ఊరు చొప్పున సాగే నడక. రెండు రోజులలో నల్లమల దాటి రమ్మనడం కాదు. ఆ తరువాతి అధ్యాయం, అంటే పన్నెండవది, దేనిని గురించో తెలుసా? ప్రమేహ రోగులకు లేచే పిడకల చికిత్సను గురించి. గ్రంథంలో రెండు అధ్యాయాలూ పక్కపక్కనే ఉన్నాయి. మనం మొదటిదానితో ఆగిపోయాం.

నడకను నేను కాదనడం లేదు. ఆ అడవి దారి నాకు ఇచ్చినది ఏ మందూ ఇవ్వలేదు. నా అభిప్రాయం ఒక్కటే: మొక్కు మనసుది కావచ్చు, దానిని మోసేది పాదం, మొక్కుకునే ముందు ఆ పాదాన్ని ఒక మాట అడగాలి. మధుమేహం ఉన్నవారు ప్రయాణానికి నెల ముందే వైద్యునితో స్పర్శను, పాదాల నాడిని పరీక్ష చేయించుకోవాలి. కళ్ళు మూసుకున్నప్పుడు ఇంట్లో వారు దూదితో కాలివేళ్ళను తాకితే తెలియనివారు చెప్పులు లేకుండా అడవి దారి పట్టకూడదు. దీక్షానియమం అడ్డు వస్తుందంటారా? దీక్ష ఇచ్చిన పెద్దలతో దాపరికం లేకుండా మాట్లాడండి. గుడి ముందు విడవడానికే పాదరక్షలు ఉన్నాయి. అడవిలో విడవడానికి కాదు. చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయం పాదరక్షల ధారణను నిత్యవిధులలో చేర్చి, కళ్ళకు, బలానికి, సుఖమైన నడకకు మంచిదని చెప్పింది. శాస్త్రప్రమాణం కావాలనేవారికి ఇది చాలదా?

అదే అధ్యాయంలో పాదాభ్యంగం ఉంది. ఆరోగ్యవంతులు ప్రయాణానికి నెల ముందు నుండి రాత్రిపూట నువ్వుల నూనెతో అరికాళ్ళు మర్దన చేసుకుంటే, బరక, బిగువు, పగుళ్ళు తగ్గుతాయి. మధుమేహులు కూడా చేయవచ్చు గాని, వేళ్ళ సందులలో నూనె గాని తడి గాని నిలువ ఉంచరాదు. ఈ మర్దన తిమ్మిరిని పోగొడుతుందని ఆ గ్రంథం చెప్పినంత మాత్రాన, మధుమేహపు తిమ్మిరిని నూనెకు వదిలిపెట్టడం తగదు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం మనకు అలవాటే. స్పర్శ లేని కాలికి అదే ప్రమాదం, బొబ్బలెక్కినా తెలియదు. బొబ్బ లేచినచోట, పుండు పడినచోట పసుపు, సున్నం, ఆకు పసర్లు మెత్తవద్దు. వంటింటి వైద్యంపై నాకు గౌరవం ఉంది కనుకనే దాని గడప ఎక్కడితో ఆగుతుందో చెబుతున్నాను. మధుమేహి కాలి గాయం ఆ గడపకు అవతలిది. అదే రోజు వైద్యుని వద్దకు వెళ్ళాలి.

మరొక రెండు సంగతులు మధుమేహం లేనివారికీ వర్తిస్తాయి. వాగ్భటుడు వ్యాయామాన్ని సగం శక్తి మేరకే చేయమన్నాడు, అదీ బలవంతులకు. అష్టాంగహృదయం సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో, ఆపుకోరాని వేగాలలో దప్పిక, మూత్రంతో పాటు శ్రమ వలన వచ్చే ఆయాసాన్ని కూడా చెప్పి, దానిని బిగబట్టేవారికి హృద్రోగం, మూర్ఛ వంటివి కలుగుతాయన్నాడు. భీమునికొలను మెట్లపై ముందువాడితో పోటీపడి ఆయాసాన్ని దిగమింగేవారిని ఎందరినో చూశాను. మూత్రానికి చోటు దొరకదని ఆడవారు పొద్దున్నుంచీ నీళ్ళు తాగరు. ఇది వారి తప్పు కాదు. ఏర్పాట్లు చేసేవారు అన్నదానంతో పాటు ఆలోచించవలసిన విషయం. ఉపవాసం, మధుమేహపు మాత్రలు, ఎండలో నడక, ఈ మూడూ కలిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారి పడిపోవచ్చు. మందు మోతాదు ముందే అడిగి తెలుసుకోవాలి. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు వస్తే ఉపవాసం అక్కడితో ముగిసినట్టే.

ఇప్పుడు రీలు ఖర్చు లేదు. చేతిలో ఫోను ఉంది, అడుగడుగునా ఫొటోలు తీస్తున్నారు. తీయండి. నాగలూటి వద్ద ఒకటి, పెచ్చెరువు వద్ద ఒకటి, భీమునికొలను వద్ద ఒకటి, అరికాలిది కూడా. వంగి చూసుకోలేని వయసు వారికి ఇంతకంటే మంచి అద్దం దొరకదు. వెలుతురులో తీసి, పెద్దది చేసి, వేళ్ళ సందులతో సహా చూడండి.

బావగారు ఆ తరువాత బస్సులోనే వెళ్ళి దర్శనం చేసుకునేవారు. ఆ ఫొటోను అక్కయ్య ఆల్బంలో పెట్టనివ్వలేదు. ఇన్నాళ్ళూ నా బీరువాలో ఒక కవరులో ఉంది. మేనల్లుడికీ ఆరేళ్ళుగా చక్కెర వ్యాధి. మిగిలిన ఫొటోలన్నీ చూపించి, చివర దీనిని వాడి చేతికిచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి ముఖం కాదు, మెట్టునే చూస్తున్నాడు. తరువాత అడిగాడు, "మామయ్యా, అడవిలో నడవడానికి ఎటువంటి బూట్లు కొనాలి?" అని.