డెడ్‌లాక్‌లో పెద్దమ్మ

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ చాప్టర్ సీఎస్‌ఈ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒక ప్రాసెస్ రెండోదాని దగ్గరున్న రిసోర్స్ కోసం ఆగుతుంది, ఆ రెండోది మొదటిదాని కోసం ఆగుతుంది. దేనిలోనూ లోపం ఉండదు, కానీ ఏదీ కదలదు. 1971లో కాఫ్‌మన్, మరో ఇద్దరు కలిసి రాసిన పేపర్‌లోని నాలుగు కండిషన్లని పరీక్ష కోసం బట్టీ పట్టని వాళ్లుండరు. వాటిలో సర్క్యులర్ వెయిట్ అనేది నాకు క్లాసులో కన్నా హైదరాబాద్‌లోని ఒక పెద్ద హాస్పిటల్ కారిడార్‌లో బాగా అర్థమైంది.

మా పెద్దనాన్నకి మైట్రల్ వాల్వ్ సన్నబడిపోయింది. చిన్నప్పుడు గొంతునొప్పిని పట్టించుకోకపోతే కీళ్ల జ్వరం వచ్చి, అది ఏళ్ల తర్వాత ఇలా గుండె వాల్వుల మీద తేలుతుందట. మన పల్లెల్లో ఇది ఇంకా ఉన్న జబ్బే. వాల్వ్ మార్చాలన్నారు. ఆపరేషన్‌కి ముందు పళ్ల డాక్టర్ నుంచి క్లియరెన్స్ తెమ్మన్నారు. "ఏంది బిడ్డా, గుండెకు ఆపరేషనంటే పండ్ల డాక్టర్ దగ్గరికి పొమ్మంటున్రు?" అని పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. కారణం ఉంది. చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే ఆ బ్యాక్టీరియా రక్తంలో కలిసి కొత్త వాల్వ్ మీద చేరుతుంది, అప్పుడు ప్రాణానికే ముప్పు. చెప్పడానికి అర నిమిషం పట్టే ఈ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. చీటీ రాసి చేతికిచ్చారంతే.

పళ్ల డాక్టర్ చూసి ఒక పన్ను పుచ్చింది, తీసెయ్యాలి అన్నాడు. కానీ పెద్దనాన్న గుండె లయ తప్పి కొట్టుకుంటుంది కాబట్టి రక్తం పలచబడే మందు వాడుతున్నాడు. మందు మీద ఉండగా పన్ను పీకితే రక్తం ఆగదేమోనని, కార్డియాలజీ నుంచి లెటర్ తెమ్మన్నాడు. కార్డియాలజీ వాళ్లేమో, ముందు పళ్ల సంగతి తేల్చుకుని క్లియరెన్స్‌తో రండి, అప్పుడు చూస్తాం అన్నారు. మందు ఆపితే గుండెలో గడ్డ కట్టి పక్షవాతం రావచ్చని వాళ్ల భయం. రెండూ న్యాయమైన భయాలే. ఇద్దరికీ మధ్య రెండు అంతస్తులు, ఒక లిఫ్టు. ఆ లిఫ్టులో ఫైలు పట్టుకుని తిరిగింది పెద్దమ్మ. ఈలోగా మొదట చేయించిన రక్త పరీక్షలు పాతబడ్డాయి, మత్తు డాక్టర్ అవి చెల్లవన్నాడు. మళ్లీ సూదులు, మళ్లీ బిల్లు. సూర్యాపేట పక్క ఊరి నుంచి మొదటి బస్సుకి రావడం, రాత్రి బస్సుకి పోవడం, ఇలా ఐదు సార్లు.

నాకు డాక్టర్ల మీద కోపం లేదు. ఒక్కో గదిలో కూర్చుని చూస్తే ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు. గదుల మధ్య పని మాత్రం ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని ఆ పని పేషెంట్ భార్య మీద పడుతుంది, అంటే ఆ బిల్డింగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ భయపడుతున్న మనిషి మీద. "రిపోర్టులో రాసింది ఏమైనా పోతదేమో" అని ఆమె ఎక్స్‌రే కవరు కూడా కింద పెట్టలేదు.

జనం ఎక్కువ, డాక్టర్లకి టైమెక్కడిది అని మన ఫ్రెండ్స్‌లోనే కొందరంటారు. నిజమే. కానీ ఆ జనంలో మా పెద్దమ్మ ఐదు సార్లు లెక్కకొచ్చింది. అందులో కనీసం మూడు ట్రిప్పులు రెండు గదుల మధ్య ఒక్క ఫోన్ కాల్‌తో పోయేవి. ఇలాంటి అనవసరపు రాకపోకలు తీసేస్తే క్యూ ఎంత తగ్గుతుందో ఎవరైనా లెక్కేసి చూడాలి.

ఇంకొందరు యాప్ చాలంటారు. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైంది, 14 అంకెల ఆభా నంబర్ వచ్చింది, కొన్ని చోట్ల ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది. మంచిదే, రిజిస్ట్రేషన్ లైను తగ్గుతుంది. కానీ ఏ గదికి ముందు వెళ్లాలో ఆ టోకెన్ చెప్పదు. ఆరోగ్యశ్రీ హాస్పిటళ్లలో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషిని పెట్టడం నాకు యాప్ కన్నా తెలివైన ఆలోచన అనిపిస్తుంది. మాకు దొరికినతను ఓపిగ్గా మాట్లాడాడు కూడా. కాకపోతే మా విషయంలో అతని చెయ్యి అప్రూవల్ కాగితాల దాకే వెళ్లింది. కార్డియాలజీకి ఫోన్ చేసి "ఈ లెటర్ ఇవ్వండి సార్" అనే అధికారం అతనికి లేదు.

మెకానికల్, సివిల్ వాళ్లు పెర్ట్, సీపీఎం చదువుతారు కదా. ఏ పని ముందు, ఏది దేని మీద ఆధారపడి ఉంది, ఎక్కడ ఆలస్యమైతే మొత్తం ఆగుతుంది అని గీస్తారు. గుండె ఆపరేషన్‌కి ముందు చేసే పనులు పదీ పదిహేనుకి మించవు. వాటిని వరసలో తెలుగులో ఒకే కాగితం మీద ప్రింట్ చేసి, ప్రతి పరీక్ష ఎందుకో ఒక వాక్యం, ఎన్ని రోజులు చెల్లుతుందో ఒక అంకె, కింద ఒక ఫోన్ నంబర్ వేసి ఇవ్వడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. వైద్యం మనకి తెలియకపోయినా ఆ వరస గీయడం మన చదువులోదే. నిజానికి మా డెడ్‌లాక్ విప్పింది కూడా ఒక మనిషే. ఐదోసారి ఒక సిస్టర్ ఫైలు తీసుకుని, పెద్దమ్మని బెంచీ మీద కూర్చోమని, తనే పైకెళ్లి పది నిమిషాల్లో లెటర్ తెచ్చింది. అది ఆమె డ్యూటీ కాదు. డ్యూటీ అయి ఉండాల్సింది.

మన ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఏటా రక్తదానం క్యాంపు పెడుతుంది. ఈసారి సమ్మర్‌లో దగ్గర్లోని ఏదైనా పెద్ద హాస్పిటల్‌ని అడిగి, వాళ్ల కార్డియాలజీ వాళ్లతో కూర్చుని ఆ ఒక్క కాగితం తయారు చేద్దామని కోఆర్డినేటర్ సార్‌కి లెటర్ ఇచ్చాను. వరస గీయడానికి మెకానికల్ వాళ్లు ఇద్దరు, తెలుగు చక్కగా రాసేవాళ్లు ఇద్దరు కావాలి. రెండో రకం వాళ్లు ఈ పత్రిక చదువుతుంటారని ఇక్కడ రాస్తున్నాను.