నోరు కట్టుకున్నా షుగరెందుకు?

మా అత్తయ్య ఏప్రిల్‌లో గుంటూరు నుంచి డాలస్‌కి, మా దగ్గరికి వచ్చారు. ఆవిడకి పన్నెండేళ్లుగా షుగర్. రాత్రి ఏడింటికల్లా రెండు పుల్కాలు, కాస్త బీరకాయ కూర తినేస్తారు. ఒకరోజు పడుకునే ముందు చూస్తే 135, పొద్దున లేవగానే చూస్తే 160. మధ్యలో ఏం తిన్నట్టు?

వంటింట్లో సున్నుండల డబ్బా ఉంది మరి! "రాత్రి లేచి ఏమైనా తిన్నారా అత్తయ్యా?" అని అడిగేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి రాత్రి తిండి మానేసి, గ్లాసుడు మజ్జిగతో పడుకున్నారు. మూడో రోజు పొద్దున 164. మీటరు నా ముందు పెట్టి, "ఇప్పుడేమంటావమ్మాయ్?" అన్నారు.

బీయస్సీలో బయోకెమిస్ట్రీ చదివినదాన్ని. ఆ మాట అడిగే ముందు ఒక్క నిమిషం ఆలోచించాల్సింది.

మనం నిద్రపోయినా మెదడుకి గ్లూకోజు కావాలి. దాన్ని అందించేది కాలేయం. భోజనం చేశాక వచ్చిన గ్లూకోజులో కొంత గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ఆ నిల్వ దాదాపు 100 గ్రాములు. రాత్రి దాన్ని కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. నిల్వ తగ్గేకొద్దీ లాక్టేటు, అమైనో ఆమ్లాలు, కొవ్వు నుంచి వచ్చే గ్లిజరాల్‌తో కొత్త గ్లూకోజు తయారుచేస్తుంది. ఇది అందరి ఒంట్లోనూ జరిగేదే.

"ఇక చాలు, తగ్గించు" అని చెప్పేది ఇన్సులిన్. క్లోమం నుంచి బయలుదేరిన ఇన్సులిన్ ముందుగా చేరేది కాలేయానికే. దాదాపు సగం అక్కడే ఖర్చయిపోతుంది. టైప్ 2 మధుమేహంలో కాలేయం ఆ మాట సరిగా వినదు. "ఇంకా వదులు" అని చెప్పే గ్లూకగాన్ కూడా చాలామందిలో ఎక్కువగానే ఉంటుంది. తెల్లవారుజామున పెరిగే కార్టిసాల్ లాంటి హార్మోన్లు దీనికి తోడవుతాయి. అందుకే రక్తంలో చాలినంత చక్కెర ఉన్నా కాలేయం ఇంకా పోస్తూనే ఉంటుంది.

చిత్రమేమిటంటే, చక్కెర విషయంలో ఇన్సులిన్ మాట వినని కాలేయం, కొవ్వు తయారుచెయ్యమంటే మాత్రం వింటుంది. షుగర్ ఉన్న చాలామందికి ఫ్యాటీ లివర్ కూడా ఉండటానికి ఇదొక కారణం. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా చేసే పని కాలేయం వదిలే గ్లూకోజుని తగ్గించడమే.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ముందు రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టమన్నారు. అత్తయ్య గ్లిమెపిరైడ్ కూడా వేసుకుంటారు. అది వేసుకుంటూ తిండి మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నా అనుమానం ఎంత పని చేసేదో అప్పుడు తెలిసి ఒళ్లు జలదరించింది.

సాయంత్రం అత్తయ్య పక్కన కూర్చుని ఇదంతా చెప్పి, తప్పయిందన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "పన్నెండేళ్ల నుంచి అందరూ నోరు కట్టుకోలేదనే అంటున్నారు. నేనూ అదే నిజమనుకున్నానమ్మా" అన్నారు.

ఇప్పుడు పడుకునే ముందు అంకె, పొద్దుటి అంకె రెండూ ఒక పుస్తకంలో రాస్తున్నాం, డాక్టరుకి చూపించడానికి. తిండి జాగ్రత్త ఎలాగూ తప్పదు. కానీ మీ ఇంట్లో పొద్దుటి అంకె ఎక్కువొస్తే, పెద్దవాళ్లని నిలదీయకండి. మందు సరిపోతోందో లేదో డాక్టరుని అడగండి.