కుక్క కంటికి పువ్వా? శుక్లమా?

మా ఊళ్లో ఒక పెద్దాయనకు నూటికి పైగా గొర్రెలున్నాయి. ఆ మందకు కాపలా ఒక నల్లకుక్క. పేరు కర్రోడు. తొమ్మిదేళ్లుగా రాత్రిళ్లు మందను కాసిన ఆ కుక్క మొన్న చలికాలంలో దొడ్డివాకిలి తెలియక కంపకు గుద్దుకుంది. పగలు చూస్తే ఒక కన్ను పైకే తెల్లగా ఉంది. రెండో కన్ను లోపల పాలచుక్క పడినట్టు ఉంది. పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "ఏం నాయనా, మా అవ్వకు శిబిరంలో పొర తీసి పొద్దుగూకేలోపల ఇంటికి పంపించినారే, దీనికీ అట్ల చెయ్యరా? పేపర్లో రాసేవానివి, నీకు తెలియకుండా ఉంటుందా?" అని అడిగాడు.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి మనసొప్పక, మండల కేంద్రంలోని పశువుల డాక్టరు దగ్గరకు ఇద్దరం కుక్కను ఆటోలో ఎక్కించుకుని పోయాం. అక్కడ తెలుసుకున్నది, ఆ తర్వాత మరికొందరు డాక్టర్లను అడిగి రాబట్టింది మన జిల్లా రైతులకు, గొర్రెల కాపరులకు పనికి వస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మనుషుల శుక్లాల సంగతి అనంతపురం జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. కంటి వెలుగు పథకాన్ని 2019 అక్టోబరు 10న మన అనంతపురంలోనే ప్రారంభించారు. శిబిరం బస్సు, నల్లకళ్లద్దాలు, వారం రోజులు తలస్నానం వద్దన్న మాట, ఇవన్నీ మన ఇళ్లల్లో చూసినవే. అందుకే కుక్క కన్ను తెల్లబడగానే అదీ శుక్లమే అనుకుంటున్నాం. అసలు పొరపాటు అక్కడే మొదలవుతోంది.

కన్ను తెల్లబడడానికి కారణాలు చాలా ఉన్నాయి. కంటి ముందు అద్దంలాంటి పొరకు దెబ్బ తగిలి పుండు పడి మానితే పైన తెల్లమచ్చ మిగులుతుంది. దీన్నే మన పెద్దలు పువ్వు వేసింది అంటారు. శుక్లం అలా కాదు. నల్లగుడ్డు నడుమ ఉన్న కనుపాప వెనక, లోపలి కటకం తెల్లబడితే అది శుక్లం. పక్క నుంచి టార్చిలైటు వేసి చూస్తే తెలుపు పైన ఉందా, లోతులో ఉందా అన్నది మామూలు కంటికే కొంతవరకు ఆనుతుంది. కంటిలో ఒత్తిడి పెరిగినా గుడ్డు నీలంగా, మబ్బు పట్టినట్టు అవుతుంది. అది చాలా నొప్పి. ఒకటి రెండు రోజులు ఆలస్యం చేసినా చూపు మళ్లీ రాదు.

మరొకటి ఉంది. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కలకు దాదాపు అన్నింటికీ కటకం గట్టిపడి కనుపాప నీలిబూడిద రంగులో కనబడుతుంది. ఇది వయసు మార్పు, రోగం కాదు. చూపు పోదు. దీనికి మందు అక్కర లేదు. శుక్లమని భయపడి డబ్బు ఖర్చు పెట్టేవాళ్లలో చాలామంది కుక్కలకు ఉన్నది ఇదే.

చూపు ఉందో లేదో తెలుసుకోవడానికి డాక్టరు చేసిన పరీక్ష చూసి పెద్దాయన నవ్వాడు. దూదిని ఉండ చేసి కుక్క ముఖం ముందు పైనుంచి వదిలాడు. దూది పడితే చప్పుడు ఉండదు, వాసన ఉండదు. చూపున్న కుక్క తల తిప్పి దూదిని చూస్తుంది. కర్రోడు ఒక పక్క అసలు తిప్పలేదు, రెండో పక్క కాస్త తిప్పాడు. ఇదే పరీక్ష మసక వెలుతురులో కూడా చేయాలి. రేకు పళ్లెం విసిరి, అది తిరిగి చూసింది కాబట్టి చూపుంది అనుకోవడం తప్పు. అది చెవితో చూసింది.

కర్రోడి తెల్లకన్ను సంగతి చెప్పడానికి పెద్దాయన మొదట సిగ్గుపడ్డాడు. రెండేళ్ల కిందట తుమ్మముల్లు గుచ్చుకుందట. ఎవరో చెబితే ఉప్పు, పొగాకు కలిపి నమిలి ఆ రసం కంట్లో ఊశారట. ఎద్దులకు, గేదెలకు కూడా మన ఊళ్లలో ఇదే చేస్తాం. మా నాయన చేశాడు, నేనూ పక్కన నిలబడి చూశాను. కొన్నిచోట్ల జిల్లేడుపాలు కూడా వేస్తారు. ముల్లు చేసిన గాయం చిన్నది. దాన్ని కాల్చి పుండు చేసింది ఈ రసాలు. జిల్లేడుపాలు మనిషి కంట్లో పడితే ఏమవుతుందో తెలిసిన మనం, నోరులేని దాని కంట్లో ఎట్లా పోస్తున్నామో ఆలోచించుకోవాలి.

మందుల షాపులో అడిగి తెచ్చే చుక్కల విషయం కూడా అంతే. ఎరుపు తగ్గడానికి ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కంటి పైపొర మీద పుండు ఉన్నప్పుడు అవి వేస్తే పుండు మానదు సరికదా, లోతుకు పోయి కన్నే చిట్లిపోవచ్చు. అందుకే డాక్టరు మొదట ఒక రంగు కాగితం తడిపి కంటికి తాకిస్తాడు. పుండు ఉంటే ఆ మేర పచ్చగా మెరుస్తుంది. రూపాయల్లో అయ్యే ఆ పరీక్ష జరగకుండా కుక్క కంట్లో ఏ చుక్కా వేయకూడదు.

ఇక అసలు శుక్లం. జాతికుక్కల్లో ఇది ఎక్కువగా తల్లిదండ్రుల నుంచి వస్తుంది. పొమరేనియన్, లాబ్రడార్, కాకర్ స్పానియల్ కుక్కలు ఇప్పుడు పల్లెల్లోనూ కనబడుతున్నాయి కనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది. శుక్లం వచ్చిన కుక్కకు పిల్లలు వేయించి అమ్మడం మంచిది కాదు. నాటుకుక్కలకు దెబ్బల వల్ల, పిల్లి గోరు వల్ల, వయసు వల్ల, కంటి లోపలి వాపు వల్ల వస్తుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కంటి లోపల వాపు రావడం మామూలే. పిడుదులను ఏరి పారేయడం కంటికి కూడా మేలు.

మధుమేహం కుక్కలకూ వస్తుందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. వస్తుంది. మధుమేహం వచ్చిన కుక్కల్లో నాలుగింట మూడింటికి ఏడాది తిరిగేసరికి రెండు కళ్లలోనూ శుక్లం వస్తోందని పశువైద్యులు లెక్క తేల్చారు. ఒక్కోసారి వారం రోజుల్లోనే కళ్లు తెల్లబడతాయి. కుక్క అదేపనిగా నీళ్లు తాగడం, ఊరికే మూత్రం పోయడం, బాగా తింటున్నా చిక్కిపోవడం కనిపిస్తే కంటి కంటే ముందు రక్తంలో చక్కెర చూపించాలి.

శుక్లాన్ని కరిగించే చుక్కలున్నాయని చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. వాటిని నమ్మవద్దు. కుక్క కంటిలో ఏర్పడిన శుక్లాన్ని కరిగించి చూపు తెస్తుందని రుజువైన చుక్కలమందు నేటివరకు లేదు. లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల శుక్లాన్ని తగ్గించిందని 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించినప్పుడు పత్రికలు పెద్దగా రాశాయి. మనుషుల నుంచి తీసిన కటకాల మీద తర్వాత ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. డాక్టర్లు రాసే వైద్యంగా అది ఇంతవరకు మారలేదు.

చూపు తెచ్చేది ఆపరేషన్ ఒక్కటే. కంటి అంచున చిన్న గాటు పెట్టి, సన్నని సూదిలాంటి గొట్టాన్ని లోపలికి పంపుతారు. అది మన చెవికి వినబడనంత వేగంగా అదిరి కటకాన్ని ముక్కలు చేసి పీల్చేస్తుంది. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టరు మనుషులకు కనిపెట్టిన పద్ధతి ఇది. పళ్ల డాక్టరు దగ్గర పాచి తీసే యంత్రం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. కుక్కకూ అదే యంత్రం. కాని లోపల పెట్టే అద్దం వేరు. మనిషికి వేసే అద్దం శక్తి సుమారు 20 డయాప్టర్లయితే కుక్కకు కావలసింది 41. అద్దం పెట్టకపోయినా కుక్క తిరగగలదు, ఎదుట ఉన్నవి మాత్రం మసకగా కనబడతాయి. ఈ యంత్రం లేనిచోట పెద్ద గాటు పెట్టి కటకాన్ని చేత్తో తీసి కుట్లు వేసే పాత పద్ధతి ఉంది. అందులో వాపు ఎక్కువ.

పెద్దాయన అనుకున్నట్టు ఇది అవ్వకు చేసినంత తేలిక కాదు. కుక్క కదలకుండా పడుకోదు కనుక పూర్తి మత్తు ఇవ్వాలి. అందుకు ముందు రక్తపరీక్షలు, గుండె పరీక్ష ఉంటాయి. కంటి వెనక తెర పనిచేస్తోందో లేదో ప్రత్యేక యంత్రంతో చూడాలి. ఆ తెర చచ్చిపోయి ఉంటే శుక్లం తీసినా చూపు రాదు. ఆపరేషన్ అయ్యాక మెడకు గరాటు లాంటి పట్టీ కట్టాలి. రోజుకు నాలుగైదు మార్లు చుక్కలు వేయాలి. ఒకటి రెండు వారాలు కాదు, నెలల తరబడి. మందతో పాటు ఊరూరా తిరిగే కాపరికి ఇది సాధ్యమా అన్నది డబ్బు కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న. తగిన కుక్కను ఎంచి, వేళకు చేస్తే పదింట ఎనిమిది, తొమ్మిది కుక్కలకు చూపు వస్తోంది. మిగతావాటికి కంటి ఒత్తిడి పెరగడం, తెర ఊడిపోవడం, చీము పట్టడం జరుగుతాయి.

శుక్లం పండేదాకా ఆగాలని మనలో ఒక పాత మాట ఉంది. కుక్క విషయంలో ఆ మాట మరిచిపోవాలి. పండి ముదిరిన శుక్లం నుంచి కటకం రసం కంటిలోకి కారి లోపల వాపు పుడుతుంది. ఆపరేషన్‌కు అప్పటికి కన్ను పనికిరాకుండా పోవచ్చు. ఆపరేషన్ చేయించేవాళ్లు మొదట్లోనే పోవాలి.

ఎక్కడికి పోవాలి? మన జిల్లా నుంచి తిరుపతి పశువైద్య కళాశాల అయినా, బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల అయినా రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. కుక్కల కంటి ఆపరేషన్లకు మద్రాసు పశువైద్య కళాశాలకు మంచి పేరుంది. బయలుదేరే ముందు కంటి యంత్రం, దాన్ని నడిపే డాక్టరు ఆ వారం ఉన్నారా అని ఫోనులో అడిగి పోవాలి. నగరాల్లో ప్రైవేటు ఆసుపత్రులు చేస్తున్నాయి కాని ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది. గొర్రెలకాపరి ఒక కుక్క కన్ను కోసం నాలుగైదు గొర్రెలు అమ్ముకోమని నేను రాయలేను. అమ్ముకుని చేయించినవాణ్ణి వెర్రివాడనీ అనలేను.

ఆపరేషన్ చేయించలేకపోతే చేతులు ముడుచుకోనవసరం లేదు. శుక్లమున్న కంటిలో వాపు రాకుండా డాక్టరు రాసే చుక్కలు వాడాలి. మూడు నాలుగు నెలలకు ఒకసారి కంటి ఒత్తిడి కొలిపించాలి. చూపు తేవడానికి కాదు, నొప్పి రాకుండా. చూపు పోయి నొప్పి పెట్టే కంటిని తీసివేయడమే దయ. తీయించిన వారం రోజులకు కుక్క మళ్లీ తోక ఊపుతుంది.

గుడ్డికుక్క బతకలేదనుకుని బస్తాలో వేసి ఏటి అవతల వదిలిపెట్టి వచ్చేవాళ్లు ఉన్నారు. ఆకలితో చచ్చేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. నిజానికి కుక్క సగం లోకాన్ని ముక్కుతోనే చూస్తుంది. మంచం, తొట్టి, గంప రోజూ ఒకేచోట ఉంటే పది రోజుల్లో దారి నేర్చుకుంటుంది. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి, లేకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. రేబీస్ టీకా తప్పకుండా వేయించాలి. గట్టులేని బావులున్న చేలల్లో మాత్రం విడిచిపెట్టకూడదు.

అధికారులకు ఒక మాట. మండల పశువైద్యశాలల్లో కంటి ఒత్తిడి కొలిచే సాధనం లేదు. కొన్నిచోట్ల ఆ రంగు కాగితం కూడా దొరకడం లేదు. ఉన్న డాక్టరు గాలికుంటు టీకాలు, కాన్పులు, గర్భధారణ సూదుల మధ్య కుక్క కన్ను చూడాలంటే తీరిక ఎక్కడ? పశువైద్య కళాశాల కంటి డాక్టరు రెండు నెలలకు ఒకరోజు జిల్లా కేంద్రంలోని పెద్ద పశువుల ఆసుపత్రికి వచ్చి చూస్తే, ఏ కుక్కకు ఆపరేషన్ పనికొస్తుందో, దేనికి అక్కర లేదో అక్కడే తేలిపోతుంది. రెండు వందల కిలోమీటర్లు పోయి, చూపు రాదని చెప్పించుకుని వచ్చే బాధ తప్పుతుంది. మనుషులకు శిబిరాలు ఊరి దగ్గరకు వచ్చాకే కదా మన అవ్వలు కళ్లు తెరిచింది. ఆ రోజున ఎద్దులను, గేదెలను, మేకలను కూడా చూడవచ్చు. వాటి కళ్లలోనూ మనం పొగాకు రసమే ఊస్తున్నాం.

కర్రోడి పువ్వు పడిన కన్ను ఇక రాదని డాక్టరు చెప్పాడు. రెండో కంటి శుక్లం ఇంకా ముదరలేదు. ఆపరేషన్ మాట పెద్దాయన రెండు రోజులు ఆలోచించి, ఇప్పటికి వద్దన్నాడు. చుక్కలు మాత్రం పూటకు తప్పకుండా ఆయన మనవరాలు వేస్తోంది. రాత్రిపూట మందకు ఒక చివర ముందుపోతుకు గంట కట్టారు. కర్రోడు ఆ గంట పక్కనే పడుకుంటున్నాడు. కంటి ఒత్తిడి కొలిపించడానికి వచ్చే నెల పదో తారీఖున మళ్లీ పోవాలి. ఆ సాధనం ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాం.