గుడ్డు ఎవరు ఒలవాలి?

మూడేళ్ల పిల్ల కనబడితే మా బుక్కరాయసముద్రంలో ఎవరైనా అడిగేది ఒకటే: ఏబీసీడీలు వచ్చినాయా? ఉడికిన గుడ్డు తనే ఒలుచుకుంటుందా అని అడిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. నన్నడిగితే ముందు అడగాల్సింది ఆ గుడ్డు సంగతే.

కొత్తగా చేరిన పిల్ల గుడ్డు పళ్లెంలో పెట్టుకుని ఆయా మొహం చూస్తూ కూర్చుంటుంది. నేలకేసి తట్టమంటే మెల్లిగా తడుతుంది, పగలదు. ఇంకోసారి బలంగా కొడుతుంది, చితికిపోతుంది. కొన్నాళ్లకు ఎంత దెబ్బ సరిపోతుందో చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత పెంకు పని. లోపలి పొర గోటికి దొరికిందా, పెంకు పెద్ద పెద్ద ముక్కలుగా ఊడొస్తుంది. దొరకలేదా, తెల్లసొన కూడా దాంతోపాటే ఊడి గుడ్డు గుంతలు పడుతుంది. లావుపాటి కొసన గాలి ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ మొదలుపెడితే సులువు. ఇది ఎవరూ చెప్పకుండానే కనిపెట్టే గడుగ్గాయిలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లే పక్కవాళ్లకు నేర్పుతారు, మనం నేర్పేదానికన్నా తొందరగా.

ఒక చెయ్యి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి ఒలవాలి. వేళ్ల కొసలకు బలం రావాలి, ఆ బలం అదుపులోనూ ఉండాలి. రేపు పలక మీద బలపం పట్టేది ఆ వేళ్లే. వేళ్లు కుదరకముందే నోటుపుస్తకంలో చుక్కలు కలిపిస్తే రాతా రాదు, చదువు మీద ఇష్టమూ మిగలదు.

మన పెద్దవాళ్లు పిల్లల ఎదుగుదలను పిండివంటలతో పండగ చేశారు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. అరిసెల పాకానికి నెల లెక్కేమీ లేదు, బిడ్డ ఎప్పుడు అడుగేస్తే అప్పుడే. ఇప్పుడేమో 'మావాడు పదో నెలకే నడిచినాడు, మీ పాప ఇంకా లేదా?' అని పక్కింటామె అడిగితే ఆ రాత్రి తల్లికి నిద్ర ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి అయిదు దేశాల పిల్లలను గమనించి 2006లో లెక్కలు ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏ ఆసరా లేకుండా నడవడం ఎనిమిదో నెల దాటినప్పటి నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా జరగొచ్చని తేలింది. కొందరు పాకకుండానే నేరుగా నడిచేశారు కూడా. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు, డాక్టరుకు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాల్సిన వైద్య బృందం ఉన్నదే అందుకు.

నాకు విచిత్రంగా తోచేదేమంటే, ఆ వంటల వరస అడుగులు, మాటలు అయ్యేసరికి ఆగిపోతుంది. బిడ్డ సొంతంగా అన్నం కలుపుకుంటే ఏ వంటా లేదు. చొక్కాకు గుండీలు పెట్టుకుంటే లేదు. చెంబుతో నీళ్లు ముంచుకుని కాళ్లు కడుక్కుంటే అసలే లేదు, పైగా నీళ్లు ఒలకబోసిందని తిట్లు.

తల్లులను తప్పుపట్టడం తేలిక. 'యాడ తింటాది టీచరమ్మా, సగం కింద పోస్తాది, నాకు ఆటో పోతాది' అని ఒకామె అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. శెనక్కాయ పీకే కాలంలో తెల్లారకముందే కూలికి బయల్దేరే మనిషికి, అన్నం మెతుకులు ఒక్కొక్కటే ఏరుకుంటున్న బిడ్డ ముందు కూర్చునే తీరిక ఎక్కడిది? నాలుగు ముద్దలు నోట్లో కుక్కి పరిగెత్తాల్సిందే. ప్రైవేటు నర్సరీ వ్యాను ఎక్కించే తల్లికీ అదే తొందర, కాకపోతే అక్కడ బూట్లు కూడా ఉంటాయి.

అందుకే తీరిక ఉండాల్సిన చోటు అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే పథకం మొదలైంది. తిండితోపాటు బడికి ముందు చదువూ అందులో భాగమే. కేంద్రం 2024లో ఇచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక కూడా మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటే చదువు అంటోంది. చాలా సంతోషం. కానీ టీచరు చేతిలో ఉన్నది బొమ్మ కాదు, ఫోను. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక ఎత్తు, బరువు, హాజరు అన్నీ అందులోకి ఎక్కించాలి. ఇంటికిచ్చే సరుకులకు ఇప్పుడు ముఖం గుర్తింపు కూడా. సిగ్నల్ కోసం టీచరు వాకిట్లో నిలబడి ఉంటే, లోపల ఆయా ఒక్కతే గుడ్లన్నీ తనే గబగబా ఒలిచి పంచేస్తుంది. పిల్ల బరువు ఎంతో యాప్‌కు తెలుసు, తన పళ్లెం తను కడుక్కోగలదో లేదో దానికి తెలియదు. భోజనం వేళ ఒక్క గంట ఆ ఫోను ముట్టుకోనక్కర్లేదని ఉత్తర్వు ఇవ్వండి. పిల్లల ఎత్తుకు ఒక కొళాయి పెట్టించండి. ఇవేమీ కోట్ల పనులు కావు.

ఇది శెనక్కాయల సీమ కాబట్టి ఒక మాట. అవ్వ పక్కన కూర్చుని కాయలు ఒలవడం పసివేళ్లకు మంచి పనే, కానీ మూడేళ్ల పిల్లలు కూడా గింజ నోట్లో వేసుకోకుండా కన్నేసి ఉంచాలి. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజ గింజగా తినిపించకూడదు, ఊపిరిగొట్టంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మెత్తగా దంచి బెల్లంతో పెట్టండి. సొంతంగా చేయనివ్వడమంటే కళ్లు మూసుకుని వదిలేయడమని నేననడం లేదు.

ఇక అంగడికి పంపడం. అయిదేళ్ల పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టి వీధి చివరి అంగడికి పంపి, ఉప్పు ప్యాకెట్టూ చిల్లరా తెమ్మంటే వాడు లెక్క, జ్ఞాపకం, ధైర్యం మూడూ ఒకేసారి నేర్చుకుంటాడు. గడపలో నిలబడి చూస్తూ ఉండండి చాలు. కానీ అంగడి తాడిపత్రి రోడ్డుకు అవతల ఉందా, నేను పంపమనను. ఆ లారీలను తల్లులు ఆపలేరు. ఇళ్లున్న చోట వేగం తగ్గించే ఏర్పాటు రోడ్డు అధికారులు చేయాలి, దాని కోసం పంచాయతీ గట్టిగా అడగాలి.