కింద 30 ఏళ్ల కాగితాలు, పైన తెల్ల కాగితం

ధవళేశ్వరంలో నాలుగు సెంట్ల స్థలం కొందామని మా బంధువొకరు బయానా డబ్బు పట్టుకుని వెళ్తే తోడుగా నేనూ వెళ్లాను. ప్లీడరు గారు డబ్బు జేబులోనే ఉంచమన్నారు. ముందు ఈసీ తీయించండి, 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు అడగండి, లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో, రెరా నంబరు ఉందో లేదో కనుక్కోండి, సర్వేయరుతో కొలిపించండి అన్నారు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థలం అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోందట. మంచి మాటలు. ఇల్లు కొనే ప్రతివాళ్లూ వినాల్సినవే.

మరి బ్యారేజీ కింద ఇన్ని కాగితాలు అడిగే పెద్దమనుషులు, రంపచోడవరం, మారేడుమిల్లి ఎక్కేసరికి ఒక్క కాగితమూ అడగరేం? అక్కడ తెల్ల కాగితం మీద వేలిముద్ర చాలు. "అమ్మకం కాదులే, కౌలే. పేరు నీదే, రిసార్టు మాత్రం నాది" అంటారు. చట్టం తెలియక కాదు, మనకు తెలియదన్న ధైర్యం.

1959 నాటి భూ బదిలీ నిబంధనలను 1970లో సవరించారు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. 1970 ఫిబ్రవరి 3 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలో అమ్మేది ఎవరైనా సరే, కొనేది గిరిజనుడో గిరిజనుల సహకార సంఘమో కాకపోతే ఆ బదిలీ చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. కౌలు, తాకట్టు, దానం, మార్పిడి, చివరికి ఒప్పంద పత్రం కూడా. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. సర్కారుకూ మినహాయింపు లేదని 1997లో సమతా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ చట్టం వల్లే మీకు అప్పు పుట్టడం లేదని జాలి చూపించేవాళ్లున్నారు. అబద్ధం. భూమి స్వాధీనం చేయకుండా బ్యాంకుకు, సహకార సంఘానికి తాకట్టు పెట్టుకోవచ్చని 1971లోనే సవరించారు. బాకీ తీరకపోతే ఆ భూమిని గిరిజనులకే అమ్మాలి. అప్పు ఇవ్వనిది బ్యాంకు మేనేజరు, చట్టం కాదు.

ఇక మన సంగతి. బినామీగా పేరు అద్దెకిస్తున్నది ఎవరు? చదువుకున్న మన తమ్ముళ్లే. నెలకింత జీతం, ఒక మోటారు సైకిలు. దానికి పెదనాన్న పోడు కొట్టి సాగుచేసిన చెలక పోతోంది. పరాయివాణ్ని తిట్టే ముందు ఈ సంతకాల లెక్క మన గూడెంలో తేలాలి.

మాస్టార్లూ, మీకొక మాట. ఆ చట్టం మూడో సెక్షను చదవండి. చెల్లని బదిలీ మీద బాధితుడే దరఖాస్తు పెట్టాలని లేదు. ప్రభుత్వ ఉద్యోగి రాతపూర్వకంగా సమాచారం ఇచ్చినా అధికారి విచారణ చేసి, ఆక్రమణదారుని ఖాళీ చేయించి, భూమిని ఇచ్చినవాళ్లకో వాళ్ల వారసులకో తిరిగి అప్పగించవచ్చు. సర్కారు బడి పంతులూ ప్రభుత్వ ఉద్యోగే. మీ బడి ఎదురుగా లేస్తున్న ఆ కొత్త కాంపౌండు గోడ ఎవరి పట్టా భూమిలో ఉందో మీకు తెలుసు. ఆ పట్టాదారు మనవరాలు మీ తరగతిలోనే కూర్చుంటోంది.